ఇంజిన్ లైటు ఆర్పడం వేరు, లోపం పట్టుకోవడం వేరు

సంపాదకులకు నమస్కారం.

కారుకు కొత్త సైలెన్సరో, హెడ్డరో (ఇంజిన్ నుంచి పొగను బయటికి తెచ్చే పైపుల కూర్పు), డౌన్‌పైపో (టర్బో నుంచి కిందికి వెళ్లే పైపు) వేయించిన రెండు మూడు రోజులకు డ్యాష్‌బోర్డులో పసుపురంగు ఇంజిన్ బొమ్మ వెలగడం మామూలైపోయింది. బిగించిన షాపులో అడిగితే సాధారణంగా మూడు జవాబుల్లో ఒకటి వస్తుంది. స్కానర్ పెట్టి, లోపాన్ని సూచించే కోడ్ చెరిపేస్తామంటారు. ఆక్సిజన్ సెన్సర్ కింద చిన్న స్టీలు ముక్క బిగిస్తామంటారు. లేదంటే ఈసీయూలో, అంటే ఇంజిన్ కంప్యూటర్‌లో, ఆ సెన్సర్ పరీక్షనే తీసేయిస్తామంటారు. మూడూ లైటును ఆర్పే పనులే. లైటు ఎందుకు వెలిగిందో చూసే పని వీటిలో ఒక్కటీ లేదు. ఆ పని ఎక్కడ మొదలుపెట్టాలో కారు యజమానులకూ, చిన్న వర్క్‌షాపుల్లో పనిచేసే కుర్రాళ్లకూ తెలియాలని ఈ లేఖ రాస్తున్నాం. మీ పత్రికలో కాస్త చోటిస్తే ఎంతోమంది జేబులు కాపాడినవారవుతారు.

మొదట చూడాల్సింది కొత్త భాగం ఏ కంపెనీదని కాదు, ఎక్కడ కూర్చుందని. పెట్రోలు కారులో పొగ దారి ఇది: ఇంజిన్, మ్యానిఫోల్డ్ (సిలిండర్ల పొగను ఒకచోట చేర్చే భాగం), ముందు ఆక్సిజన్ సెన్సర్, క్యాట్‌కాన్ (పొగను శుద్ధి చేసే డబ్బా), వెనక ఆక్సిజన్ సెన్సర్, మధ్య పైపు, చివర సైలెన్సర్. వెనక సెన్సర్ దాటాక ఏం మార్చినా ఇంజిన్ కంప్యూటర్‌కు తెలిసే వీలు దాదాపు లేదు. అందుకే చివరి సైలెన్సర్ ఒక్కటే మార్చిన కారులో లైటు వెలిగితే ఆ సైలెన్సర్‌ను తిట్టుకోనక్కర్లేదు. పని చేసేటప్పుడు సెన్సర్ వైరు లాగబడిందా, కప్లర్ సగం ఊడిందా, వైరు వేడి పైపుకు ఆనుకుని కరిగిందా అని చూడాలి. ‘బ్యాక్ ప్రెషర్ తగ్గిపోయింది, అందుకే లైటు’ అని చాలామంది నమ్మకంగా చెబుతారు. మామూలు పెట్రోలు కార్లలో పొగ పైపు వెనక ఒత్తిడిని కొలిచే సెన్సరే ఉండదు. కంప్యూటర్ కొలవని దానికి కోడ్ ఎలా ఇస్తుంది?

మార్చింది హెడ్డర్ అయినా, టర్బో కారులో డౌన్‌పైపు అయినా సంగతి పూర్తిగా వేరు. బీఎస్‌-6 ఉద్గార ప్రమాణానికి చేసిన కార్లలో చాలావాటికి క్యాట్‌కాన్ మ్యానిఫోల్డ్‌కు అతుక్కునే ఉంటుంది. టర్బో కార్లలో అది టర్బో కిందే, డౌన్‌పైపు మొదట్లోనే వస్తుంది. స్టార్ట్ చేయగానే త్వరగా వేడెక్కాలని అలా దగ్గరగా పెట్టారు. కాబట్టి ఈ కార్లలో ‘హెడ్డర్ మార్చాం’ అంటే చాలాసార్లు ‘క్యాట్‌కాన్ తీసేశాం’ అని అర్థం. యజమానికి ఆ మాట ఎవరూ చెప్పరు. విప్పిన పాత భాగాన్ని ఇంటికి తెచ్చుకోవాలన్న ఆలోచన కూడా ఆయనకు రాదు. అందులో ప్లాటినం, పల్లాడియం, రోడియం ఉంటాయి. పాతదానికీ గిరాకీ ఉంది. అడిగి తెచ్చుకోండి, అవసరమైతే తిరిగి బిగించుకోవచ్చు.

ఇక సెన్సర్లు. ముందుది పొగలో మిగిలిన ఆక్సిజన్ చూసి, పెట్రోలు ఎక్కువైందా తక్కువైందా అని కంప్యూటర్‌కు చెబుతుంది. ఒక పాలు పెట్రోలుకు బరువులో 14.7 పాళ్ల గాలి అన్నది గురి. పాతరకం నాలుగు వైర్ల సెన్సర్ అయితే ఇంజిన్ వేడెక్కాక దాని వోల్టేజీ 0.1 నుంచి 0.9 మధ్య గబగబా పైకీ కిందికీ ఊగుతుంది. వెనకది క్యాట్‌కాన్ పని చేస్తోందో లేదో చూసే కాపలాదారు. క్యాట్‌కాన్ బాగుంటే దాని వోల్టేజీ 0.6, 0.7 దగ్గర దాదాపు నిలకడగా ఉంటుంది. స్కానర్‌లో రెండు గీతలూ పక్కపక్కన పెట్టి చూస్తే చాలావరకు అక్కడే తేలిపోతుంది. వెనక గీత కూడా ముందుదానిలాగే ఊగుతుంటే పొగ శుద్ధి కావడం లేదన్నమాట. కొత్త కార్లలో ముందుది వైడ్‌బ్యాండ్ సెన్సర్ కావచ్చు. దానికి ఈ వోల్టేజీ లెక్క పనికిరాదు, లాంబ్డా విలువే (గాలి, పెట్రోలు పాళ్లు ఆ గురికి ఎంత దగ్గరగా ఉన్నాయో చెప్పే అంకె, సరిగ్గా ఉంటే 1) చూడాలి. ఇది తెలియక మంచి సెన్సర్‌ను చెత్తబుట్టలో వేసి, వేల రూపాయలు పెట్టి కొత్తది కొనిపించడం జరుగుతోంది.

కొత్త పైపులు వేశాక వచ్చే లైటుకు మా లెక్కలో మొదటి అనుమానితుడు లీకు. పైపులో ఒత్తిడి ఉంటే పొగ బయటికే పోవాలి కదా, బయటి గాలి లోపలికెలా వస్తుందని అడుగుతారు. పొగ ధారగా రాదు, దెబ్బలు దెబ్బలుగా వస్తుంది. ఒక సిలిండర్ పొగ దూసుకుపోయాక, మరో సిలిండర్ పొగ వచ్చేలోపు పైపులో ఒత్తిడి క్షణకాలం బయటికంటే తగ్గుతుంది. ఆ క్షణంలో సన్నని సందులోంచి కూడా గాలి లోపలికి పీల్చుకుంటుంది. ఐడిల్‌లో, అంటే యాక్సిలరేటర్ తొక్కకుండా ఇంజిన్ తిరిగేటప్పుడు, ఇది మరీ ఎక్కువ. ఆ గాలిలోని ఆక్సిజన్ ముందు సెన్సర్‌కు తగలగానే ‘పెట్రోలు చాలడం లేదు’ అని అది కబురు పంపుతుంది. కంప్యూటర్ పెట్రోలు పెంచుతుంది. నిజానికి ఇంజిన్‌లో మిశ్రమం సరిగ్గానే ఉంది, ఇప్పుడు చిక్కబడింది. స్కానర్‌లో ఫ్యూయల్ ట్రిమ్ (కంప్యూటర్ పెట్రోలును ఎంత శాతం పెంచిందో, తగ్గించిందో చెప్పే అంకె) పైకి ఎక్కుతుంది. మామూలుగా అది ప్లస్, మైనస్ 10 శాతం లోపల ఉండాలి. 20, 25 దాటాక పీ0171 కోడ్ వస్తుంది. ‘లీన్’ (పెట్రోలు తక్కువ) అని చూసి ఇంజెక్టర్లు శుభ్రం చేయిస్తారు, పెట్రోలు పంపు మారుస్తారు. రోగం మ్యానిఫోల్డ్ ప్యాకింగ్ దగ్గరే కూర్చుని ఉంటుంది. ఆ అదనపు పెట్రోలు పోయి క్యాట్‌కాన్‌లో మండుతుంది, దాన్ని అతిగా కాలుస్తుంది. వంద రూపాయల ప్యాకింగ్ దగ్గర మొదలైన జబ్బు క్యాట్‌కాన్ ప్రాణం మీదికి వచ్చేది ఇలాగే.

లీకు క్యాట్‌కాన్‌కూ వెనక సెన్సర్‌కూ మధ్య ఉంటే లక్షణం మారుతుంది. వెనక సెన్సర్ వోల్టేజీ కిందికి పడిపోయి పీ0137 రావచ్చు, లేదా క్యాట్‌కాన్ బాగానే ఉన్నా అది సరిగ్గా పని చేయడం లేదని చెప్పే పీ0420 రావచ్చు. అందుకే పీ0420 చూడగానే క్యాట్‌కాన్ ధర అడగకండి. ముందు ఆ అతుకులు చూడండి.

లీకు వెతకడానికి ఖరీదైన సామాను అక్కర్లేదు. ఇంజిన్ పూర్తిగా చల్లబడి ఉన్నప్పుడు, అంటే పొద్దున్నే, చూడాలి. ఇనుము వేడెక్కి సాగితే సన్నని పగుళ్లు మూసుకుపోతాయి, తర్వాత ఎంత వెతికినా దొరకవు. చల్లని ఇంజిన్ స్టార్ట్ చేయగానే టిక్ టిక్‌మని వినిపించి, నాలుగైదు నిమిషాల్లో ఆ చప్పుడు ఆగిపోతే మ్యానిఫోల్డ్ వైపు అనుమానించాలి. ఒకరు మందపాటి తడిగుడ్డతో సైలెన్సర్ చివర కొన్ని సెకన్లు అదిమి పట్టుకుంటే, ఇంకొకరు అతుకుల మీద సబ్బు నీళ్లు చల్లి బుడగలు చూడాలి. పైపు వేడెక్కక ముందే ఇది ముగించాలి, గాలి ఆడే ఆరుబయట చేయాలి. మూసిన షెడ్డులో కార్బన్ మోనాక్సైడ్ ప్రాణం తీస్తుంది. దానికి వాసన ఉండదు. జాకీ ఒక్కదాని మీద నిలిపిన కారు కిందికి దూరకూడదు, స్టాండ్లు పెట్టాలి. స్మోక్ మెషీన్ ఉన్న షాపులో ఇంజిన్ ఆపి పైపులోకి పొగ పంపితే లీకు పది నిమిషాల్లో బయటపడుతుంది. ఫ్లాంజ్ (బోల్టులు బిగించే పైపు చివరి పలక) దగ్గర నల్లటి మసి గీత కనిపించినా అది లీకు సాక్ష్యమే.

లీకు చేసే చోట్లు కొన్నే. పాత ప్యాకింగ్‌ను మళ్లీ వాడడం మొదటిది. ఒకసారి నలిగిన ప్యాకింగ్ రెండోసారి ఎంత బిగించినా కూర్చోదు. రెండోది ఫ్లాంజ్ వంకర. చవక హెడ్డర్లలో వెల్డింగ్ వేడికి ఫ్లాంజ్ వంగి ఉంటుంది. స్కేలు అంచు పెట్టి వెలుతురుకు ఎదురుగా చూస్తే సందు కనిపిస్తుంది. బోల్టులు బిగించి దాన్ని తిన్నగా చేద్దామనుకుంటే స్టడ్డు విరుగుతుంది, సిలిండర్ హెడ్డులో విరిగిన స్టడ్డు తీయడం ఎంత కష్టమో చేసినవాళ్లకే తెలుసు. ముందే సర్ఫేసింగ్ చేయించి చదును చేసుకోవాలి. బిగించేటప్పుడు మధ్యలోంచి మొదలుపెట్టి అటూ ఇటూ మారుస్తూ రెండు మూడు దఫాల్లో బిగించాలి. వంద, రెండు వందల కిలోమీటర్లు తిరిగాక చల్లగా ఉన్నప్పుడు మరోసారి సరిచూడాలి. మూడోది సెన్సర్ కూర్చునే బంగు, అంటే పైపుకు వెల్డు చేసిన మర రింగు. దాని చుట్టూ వెల్డింగ్‌లో సూది బెజ్జం ఉన్నా గాలి తగిలేది నేరుగా సెన్సర్ ముక్కుకే. కాబట్టి ఆ చిన్న లీకు పెద్ద గోల చేస్తుంది.

లీకును మూయడానికి చేతికందిన సిలికాన్ గమ్ పూయడం చాలా షాపుల్లో అలవాటు. దయచేసి మానండి. మామూలు సిలికాన్ ఆరేటప్పుడూ, వేడెక్కినప్పుడూ వచ్చే ఆవిరి సెన్సర్ ముక్కు మీద గాజుపొరలా పేరుకుని దాన్ని చంపేస్తుంది. వాడక తప్పకపోతే డబ్బా మీద ‘ఆక్సిజన్ సెన్సర్ సేఫ్’ అని ఉన్నదే వాడాలి. అసలైన మందు మాత్రం కొత్త ప్యాకింగే.

సెన్సర్ విప్పడం, బిగించడం గురించి కూడా కొంచెం వివరంగా చెప్పాలి, ఎక్కువ నష్టం అక్కడే జరుగుతోంది. చాలా కార్ల సెన్సర్‌కు 22 నంబరు పానా పడుతుంది. మర 18 మిల్లీమీటర్లు, పిచ్ 1.5. ఇంజిన్ గోరువెచ్చగా ఉన్నప్పుడు విప్పితే మర తేలిగ్గా వదులుతుంది. పూర్తిగా చల్లబడి తుప్పు పట్టినదాన్ని బలవంతంగా తిప్పితే బంగు మర సెన్సర్‌తోపాటే ఊడివస్తుంది. తిరిగి బిగించేటప్పుడు యాంటీసీజ్ (మర పట్టేయకుండా పూసే లేపనం) మరకు మాత్రమే, పలచగా పూయాలి, ముక్కుకు తగలకూడదు. కొత్త సెన్సర్‌కు కంపెనీవాళ్లే పూసి పంపితే మళ్లీ పూయనక్కర్లేదు. బిగింపు సాధారణంగా 40 నుంచి 50 న్యూటన్ మీటర్లు. కింద పడిన సెన్సర్‌ను మళ్లీ వాడకండి, లోపల ఉన్నది పింగాణీ. కొత్త పైపుకు బంగు వెల్డు చేయించేటప్పుడు సెన్సర్ పైపుకు కిందివైపు రాకూడదు. అడ్డంగా గీసిన గీతకు కనీసం 10 డిగ్రీలు పైకి ఉండాలి. చల్లని ఇంజిన్‌లో పొగలోని ఆవిరి నీరై పైపు అడుగున నిలుస్తుంది. ఆ నీళ్లు వేడి పింగాణీ మీద పడితే అది పగులుతుంది.

పొడవు హెడ్డర్ వేస్తే సెన్సర్ ఇంజిన్‌కు దూరమవుతుంది, వైరు చాలదు. అప్పుడు వైరు కోసి సోల్డరింగ్ చేస్తారు. చాలా సెన్సర్లు పోల్చి చూడటానికి బయటి గాలిని వైరు పోగుల సందుల్లోంచే తీసుకుంటాయి. సోల్డర్ ఆ సందులు మూసేస్తుంది. కప్లర్‌లో గ్రీజు నింపినా అదే తప్పు. రెండు వైపులా సరిపడే కప్లర్లున్న పొడిగింపు వైరు వాడాలి, దొరక్కపోతే క్రింపింగ్ చేసి ష్రింక్ ట్యూబ్ వేయాలి. వైరును పైపుకు దూరంగా క్లిప్పుతో పట్టి ఉంచాలి.

పీ0135, పీ0141 రెండూ ఒకేసారి వస్తే రెండు సెన్సర్లు ఒకేరోజు చచ్చిపోయాయని కొనుక్కోకండి. అవి సెన్సర్ లోపలి హీటర్ కోడ్లు. చాలా కార్లలో రెండు హీటర్లకూ కలిపి ఒకే ఫ్యూజు ఉంటుంది. ఏదో ఒక వైరు పైపుకు తగిలి కరిగి, షార్టయి ఫ్యూజు పోయి ఉంటుంది. ముందు ఫ్యూజు, తర్వాత కాలిన వైరు. ఆ వైరు బాగుచేయకుండా ఫ్యూజు మారిస్తే అదీ పోతుంది. ఒక్క కోడే వస్తే, కప్లర్ ఊడదీసి ఒకే రంగులో ఉన్న రెండు వైర్ల మధ్య ఓములు కొలవండి. చల్లగా ఉన్నప్పుడు కొన్ని ఓములు చూపాలి, ఓపెన్ చూపిస్తే హీటర్ తెగినట్టే. ముందు, వెనక కప్లర్లు ఒకే ఆకారంలో ఉన్న కార్లలో రెండూ తారుమారు కావడం కూడా ఉంటుంది. ఇంజిన్ కుంటుతూ, పెట్రోలు తాగుతూ, అర్థంలేని కోడ్లు ఇస్తుంటే ఒకసారి వైర్ల దారి పట్టుకుని చూడండి. పైపు వెల్డింగ్‌ను కారు మీదే చేయాల్సివస్తే బ్యాటరీ మైనస్ విప్పాలి, సెన్సర్లు బయటికి తీయాలి, వెల్డింగ్ ఎర్త్ క్లాంపు అదే పైపు మీద దగ్గరగా పెట్టాలి.

ఇవన్నీ సరిగ్గా ఉండి కూడా పీ0420 వస్తూనే ఉంటే అప్పుడు క్యాట్‌కాన్ మాట. లోపల తేనెపట్టులాంటి రాతిదిమ్మ మీద లోహాల పూత, దాంతోపాటు ఆక్సిజన్‌ను పట్టి ఉంచే సీరియం ఆక్సైడ్ ఉంటాయి. కంప్యూటర్ పరీక్షించేది ఈ పట్టి ఉంచే శక్తినే. అసలు క్యాట్‌కాన్‌లో చదరపు అంగుళానికి 400 గదులు ఉండటం మామూలు. ‘స్పోర్ట్స్ క్యాట్’ పేరుతో వచ్చేవాటిలో 200 ఉంటాయి. పూత ఆనే జాగా తగ్గింది, సీరియం తగ్గింది, పొగ త్వరగా దాటిపోతోంది. పొగ కొంతవరకు శుద్ధి అవుతున్నా కంప్యూటర్ గీసిన గీత దాటదు. చవక క్యాట్‌కాన్లకు మొదట్లో లైటు రాకుండా, కొన్ని నెలలకు రావడం కూడా పూత పలచన వల్లే. కారు మోడల్‌కూ, ఉద్గార ప్రమాణానికీ తగినదని తయారీదారు రాసి ఇచ్చినదే కొనాలి. వీలుకాకపోతే పాతదే తిరిగి బిగించడం మేలు.

ఇప్పుడు ఆ స్టీలు ముక్క సంగతి. అది వెనక సెన్సర్‌ను పొగ దారిలోంచి పక్కకు జరిపి, తక్కువ పొగ తగిలేలా చేస్తుంది. సెన్సర్ మందగిస్తే క్యాట్‌కాన్ బాగున్నట్టు కనిపిస్తుంది. కాపలాదారు కళ్లకు గంతలు కట్టినట్టు. దాన్ని మేం సమర్థించం. ఊరి గాలి పాడవుతుందన్నది ఒక కారణం. రేపు ఇంజిన్ నూనె తాగడం మొదలైనా, క్యాట్‌కాన్ కరిగి పైపు మూసుకుపోతున్నా ముందుగా చెప్పే గొంతు ఉండదన్నది యజమానికి నేరుగా తగిలే కారణం. చట్టం సంగతీ తెలియాలి. మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షన్ తయారీదారు ఇచ్చిన రూపాన్ని ఇష్టం వచ్చినట్టు మార్చడాన్ని నిషేధిస్తుంది. 182ఎ(4) కింద యజమానికి ఆరు నెలల వరకు జైలు, లేదా ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా రెండూ పడవచ్చు. శబ్ద, వాయు కాలుష్య ప్రమాణాలు మీరి నడిపితే 190(2) కింద మొదటిసారికి మూడు నెలల వరకు జైలు, లేదా 10,000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. లైసెన్సుకు మూడు నెలల అనర్హత కూడా ఉంది.

కోడ్ చెరిపే విషయంలో ఒక జాగ్రత్త. చెరిపే ముందు కోడ్‌ను, దాంతోపాటు ఫ్రీజ్ ఫ్రేమ్‌ను రాసుకోండి. లైటు వెలిగిన క్షణంలో వేగం, ఇంజిన్ వేడి, ఆర్‌పీఎం, ఫ్యూయల్ ట్రిమ్ ఎంతున్నాయో అందులో ఉంటుంది. చెరిపితే అదీ పోతుంది. పీ0420 లాంటివి సాధారణంగా వరుసగా రెండు ప్రయాణాల్లో తప్పు తేలాకే లైటు వెలిగిస్తాయి. అందుకే చెరిపిన రోజు అంతా బాగున్నట్టుంటుంది, వారం తిరిగేసరికి మళ్లీ వెలుగుతుంది. లోపం నిజంగా పోతే వరుసగా మూడు మంచి ప్రయాణాల తర్వాత లైటు దానంతటదే ఆరుతుంది. బ్లూటూత్ స్కానర్ ముక్కలు ఇప్పుడు కొన్ని వందల రూపాయలకే దొరుకుతున్నాయి. స్టీరింగ్ కింద ఉండే 16 పిన్నుల సాకెట్‌లో పెట్టి ఫోనులో ఎవరైనా చదువుకోవచ్చు.

లైటు నిలకడగా వెలిగితే నెమ్మదిగా ఇంటికో, వర్క్‌షాపుకో చేరవచ్చు. మిణుకుమిణుకుమంటే మాత్రం అది మిస్సింగ్, అంటే ఏదో సిలిండర్‌లో పెట్రోలు సరిగ్గా మండడం లేదు. మండని పెట్రోలు క్యాట్‌కాన్‌లోకి పోతోంది. వెంటనే యాక్సిలరేటర్ తగ్గించి పక్కకు ఆపాలి. కొత్త హెడ్డర్ వేశాక మిస్సింగ్ వస్తే స్పార్క్ ప్లగ్ వైరో, కాయిల్ కప్లరో వేడి పైపుకు తగిలి కాలిందేమో చూడండి.

బీఎస్‌-6 డీజిల్ కార్లకు ఒకే మాట: డీపీఎఫ్ (పొగలోని మసిని పట్టే వడపోత) ముందు ఏదీ మార్చకండి. పైపు విప్పినప్పుడు డీపీఎఫ్ ముందు, వెనక ఒత్తిడి కొలిచే రెండు సన్నని గొట్టాలు తారుమారు కాకుండా గుర్తు పెట్టుకోండి. అవి మారినా, చీలినా తప్పుడు లెక్కలు పోయి మసి కాల్చే పని ఆగిపోతుంది.

అమెరికాలో పాత కార్లు కొనుక్కునే మన పిల్లలకు కూడా ఇది పనికొస్తుంది. అక్కడ క్యాట్‌కాన్‌కూ, ఇంజిన్ కంప్యూటర్‌కూ ఫెడరల్ చట్టం ప్రకారం 8 ఏళ్లు లేదా 80,000 మైళ్లు, ఏది ముందైతే అది, వారంటీ ఉంటుంది. డబ్బు కట్టే ముందు అది అడగాలి. కాలిఫోర్నియాలో అయితే బయటి కంపెనీ క్యాట్‌కాన్ మీద ఆ రాష్ట్ర వాయు మండలి అనుమతి నంబరు ఉండాలి. అక్కడి పొగ పరీక్షకు ముందురోజు కోడ్ చెరిపి వెళితే స్వీయ పరీక్షలు పూర్తికాలేదని యంత్రమే పట్టిస్తుంది.

మన దగ్గర లోటు సరిగ్గా అక్కడే ఉంది. పీయూసీ (కాలుష్య పరీక్ష) కేంద్రంలో సైలెన్సర్ చివర గొట్టం పెట్టి పొగ కొలుస్తారు. బీఎస్‌-4 పెట్రోలు కారుకు ఐడిల్‌లో కార్బన్ మోనాక్సైడ్ 0.3 శాతం, 2,500 ఆర్‌పీఎం దగ్గర 0.2 శాతం దాటకూడదు, లాంబ్డా 0.97, 1.03 మధ్య ఉండాలి. మంచి పరీక్షే. కానీ ఇంజిన్ లైటు వెలుగుతోందా, కోడ్లు నిన్నే చెరిపారా అని ఎవరూ చూడరు. మన కార్లకు ఓబీడీ-2 (కారు తన లోపాలను తానే పట్టుకునే) వ్యవస్థ 2013 ఏప్రిల్ నుంచీ తప్పనిసరి. సాకెట్ ఆ తర్వాతి ప్రతి కారులో ఉంది, చదివే పరికరం చవక, చదవడానికి రెండు నిమిషాలు చాలు. రెండు తెలుగు రాష్ట్రాల రవాణా శాఖలు పొగ పరీక్షతోపాటు ఈ స్కాన్ కూడా చేయించి, ఫలితాన్ని అదే సర్టిఫికెట్ మీద ముద్రించేలా చూడాలని కోరుతున్నాం. పైపులు మార్చే ప్రతి షాపూ ఏ భాగం తీసింది, ఏది వేసింది, క్యాట్‌కాన్ ఉందా లేదా అని బిల్లు మీద రాసి, పాత భాగాన్ని యజమాని చేతికే ఇవ్వాలన్న నిబంధన కూడా పెట్టాలి.

ఇట్లు,
కార్ల వైరింగ్, ఇంజిన్ స్కానింగ్ పనిచేసే మిత్రులం,
ఆటోనగర్, విజయవాడ.